టెక్నికల్, కేవ్ డైవింగ్‌కు డ్రైసూట్ ఎలా ఎంచుకోవాలి: తిరుపతిలో కూర్చుని కొనేవాళ్ల కోసం

"అన్నా, మెక్సికోలో కేవ్ కోర్సుకు పోతా ఉండా. ఏ కంపెనీ డ్రైసూట్ కొనేది?" ఈ ప్రశ్న ఈ మధ్య తరచూ వస్తోంది. డ్రైసూట్ అంటే నీళ్లు లోపలికి రాకుండా ఒంటిని పొడిగా ఉంచే డైవింగ్ సూటు. టెక్నికల్ డైవింగ్ అంటే మామూలు స్కూబా హద్దులు దాటి లోతుకు, ఎక్కువసేపు దిగడం. అడిగేవాళ్లలో ఎక్కువమంది పుదుచ్చేరిలోనో అండమాన్‌లోనో స్కూబా నేర్చుకొని, తర్వాత ఉద్యోగం మీద బయటి దేశాలకు వెళ్లి, అక్కడ గుహల్లోకి దిగాలని ముచ్చటపడిన తిరుపతి, చిత్తూరు, పుత్తూరు పిల్లలే.

కంపెనీ పేరు చెప్పడం తేలికే. నా మొదటి సూటూ పేరున్న కంపెనీదే. అది వేసుకుని సిలిండర్లు తగిలించుకున్నాక నా చెయ్యి వెనక వాల్వ్ దాకా పోలేదు. గుహలో గ్యాస్ లీకైతే ఆ వాల్వ్ నేనే కట్టేయాలి. ఆరు నెలల్లో సగం ధరకు అమ్ముకున్నాను. అందుకే కంపెనీ పేరు తర్వాతి సంగతి. ముందు చూడాల్సినవి రెండే: మీ చెయ్యి అందుతుందా, పాడైతే మీరే బాగుచేసుకోగలరా. మన ఊళ్లో బ్యాగు జిప్పు మార్చేవాళ్లు ఉన్నారు గానీ, నీళ్లు చొరని జిప్పు వాళ్ల చేతిలో పెడితే సూటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇంకొక్క మాట చెప్పి మొదలుపెడతాను. సూటు ఉన్నంత మాత్రాన గుహలోకి దిగే అర్హత రాదు. కేవ్ ట్రైనింగ్ లేకుండా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో మంచి సూటు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. "తలకోన గుండంలో ఒకసారి ట్రయల్ వేస్తా" అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మడుగులో కొమ్మలు, ఇరుకు రాళ్లు, ఏమీ కనబడని బురదనీళ్లు ఉంటాయి. సూటు ట్రయల్‌కు స్విమ్మింగ్ పూల్, పక్కన ఇన్‌స్ట్రక్టర్, ఈ రెండూ ఉండాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- సెంటీమీటర్లు ఉన్న టేపు. అంగుళాలు మాత్రమే ఉన్నది పనికిరాదు.
- లోపల వేసుకోబోయే అండర్‌సూట్
- మీ ఫిన్స్ (పాదాలకు తొడిగే ఈత రెక్కలు), హార్నెస్ (సిలిండర్లు తగిలించుకునే పట్టీలు), వీలైతే జంట సిలిండర్ల సెట్టు
- మణికట్టు లావున రెండు ప్లాస్టిక్ సీసాలు, మెడ లావున ఒక బంతి
- సబ్బునీళ్లు, స్ప్రే సీసా
- కొలతలు తీయడానికి ఇంకో మనిషి. ఎవరి కొలతలు వాళ్లు తీసుకుంటే తప్పు తప్పదు.

1. నీళ్ల చలి, నీళ్లలో ఉండే సమయం రాసుకోండి

అండమాన్ సముద్రం 28-30 డిగ్రీలు ఉంటుంది. అక్కడ డ్రైసూట్ అక్కర్లేదు. మెక్సికోలో యుకటాన్ గుహల నీళ్లు సుమారు 25, ఫ్లోరిడా ఊటలు 20-22, ఫ్రాన్స్‌లో లాట్ ప్రాంతపు గుహలు 13 దగ్గర. "25 అంటే చలేముంది, ఏసీ అంతకే పెడతాం కదా" అంటారు. నిజమే, పెడతాం, పెట్టి దుప్పటి కప్పుకుంటాం. గాలి కన్నా నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. కార్తీకంలో కపిలతీర్థంలో మునిగి లేచి, తుండు అందేలోగా వణికిన ఆ రెండు నిమిషాలు గుర్తు తెచ్చుకోండి. కేవ్ డైవ్‌లో గంటన్నర, రెండు గంటలు నీళ్లలోనే ఉంటారు. అందులోనూ డికంప్రెషన్ వేళ, అంటే ఒంట్లో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికి పోవడానికి పైకి వచ్చే దారిలో ఆగే సమయంలో, కదలకుండా ఉండాలి.

నా లెక్క ఇది. 20 డిగ్రీల లోపు నీళ్లకు డ్రైసూట్ తప్పనిసరి. 20-25 మధ్యలో డైవ్ గంట దాటితే డ్రైసూట్ మంచిది. 27 పైన వెట్‌సూట్ (లోపలికి నీళ్లు వచ్చే మామూలు డైవింగ్ సూటు) చాలు. మీరు వెళ్లేది మెక్సికో ఒక్కచోటికే, అదీ ఒక్కసారే అయితే, కొనకుండా అక్కడే అద్దెకు తీసుకోండి.

2. ముందు అండర్‌సూట్, తర్వాతే డ్రైసూట్

అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. డ్రైసూట్ కొనేసి, మిగిలిన డబ్బుతో లోపలిది చూసుకుంటారు. వెచ్చదనం ఇచ్చేది లోపలిదే. పైది నీళ్లు రాకుండా ఆపుతుంది, అంతే. లోపలి మందాన్ని బట్టి పైదాని కొలత మారుతుంది.

ఒంటికి తగిలే పొర పాలిస్టర్ గానీ మెరీనో ఉన్ని గానీ ఉండాలి. కాటన్ బనియన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగుడ్డలా ఒంటికి అంటుకుపోతుంది. దాని మీద 20 డిగ్రీల పైన నీళ్లకు పల్చటి ఫ్లీస్, 14-15 లోపు నీళ్లకు 400 గ్రాముల తరగతి థిన్సులేట్ (సన్నని పీచుతో చేసిన వెచ్చటి పొర). సూటులోకి నీళ్లు వచ్చినా థిన్సులేట్ కొంత వెచ్చదనం నిలుపుతుంది. గుహలో నీళ్లు చేరితే బయటికి రావడానికి గంట పట్టవచ్చు కాబట్టి, ఆ కొంతే పెద్ద సాయం.

బ్యాటరీతో వేడెక్కే వెస్ట్ గురించి కూడా అడుగుతున్నారు. దాన్ని నమ్ముకుని లోపలి బట్టలు పల్చగా వేసుకోవద్దు. బ్యాటరీ మధ్యలో ఆగిందంటే, అడుగున వెచ్చగా ఉండి డికంప్రెషన్‌లో చలికి వణకాల్సి వస్తుంది. డికంప్రెషన్ జబ్బుకు (ఒంట్లో కరిగిన గ్యాస్ బుడగలు కట్టే జబ్బు) అన్నిటికన్నా చెడ్డ వరస అదేనని అమెరికా నేవీ ప్రయోగాల్లో తేలింది. వాడితే పైకి వచ్చే దారిలో వాడండి.

3. పై బట్ట ఏ రకం?

ట్రైలామినేట్: రెండు బట్టల మధ్య బ్యూటైల్ రబ్బరు పొర ఉంటుంది. తేలిక, త్వరగా ఆరుతుంది, చిల్లు పడితే జిగురుతో మీరే పూడ్చుకోవచ్చు. సాగదు కాబట్టి కొలత సరిగ్గా ఉండాలి. గుహలకైతే మందం రకమే తీసుకోండి. మోకాళ్లు, మోచేతుల దగ్గర అదనపు పొర అడగండి, సున్నపురాయి గోకుతుంది.

క్రష్డ్ నియోప్రిన్: నియోప్రిన్ అనే నురగ రబ్బరును ముందే నలిపి చేసింది. డీయూఐ కంపెనీ వాళ్ల సీఎఫ్200 దీనికి పేరుపడ్డ ఉదాహరణ. మొండిది, కాస్త సాగుతుంది, రాళ్లకు భయపడదు. కానీ బరువు ఎక్కువ, ఆరడానికి చాలాసేపు పడుతుంది, ధరా ఎక్కువే.

మామూలు ఫోమ్ నియోప్రిన్: లోతుకు వెళ్లేకొద్దీ నలిగి పల్చబడుతుంది. వెచ్చదనమూ తేలే గుణమూ రెండూ తగ్గుతాయి. లోతు టెక్నికల్ డైవింగ్‌కు వద్దు.

వల్కనైజ్డ్ రబ్బరు: మురికినీళ్లలో దిగే వృత్తి డైవర్లది. సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేసినట్టు వేసుకోవచ్చన్న మాటే గానీ, మనకు అవసరం లేదు.

విమానంలో లగేజీ తూకం వేసుకుంటూ తిరిగే మనలాంటివాళ్లకు ట్రైలామినేటే సరి.

4. జిప్పు

వెనక భుజాల మీదుగా అడ్డంగా ఉండే జిప్పు అయితే వేసేందుకు ఇంకొకరు కావాలి. ముందు ఏటవాలుగా ఉండేదైతే ఎవరిది వాళ్లే వేసుకోవచ్చు. నేను ముందుదే చెప్తాను. మీ జిప్పు మీ కళ్ల ముందు ఉంటుంది, అది చాలు.

ఇత్తడి జిప్పు గట్టిది, కానీ మడతపడితే పళ్లు పోతాయి. పళ్ల బయటివైపు మైనం రాస్తుండాలి. ప్లాస్టిక్ జిప్పు మెత్తన, తేలిక. దానికి చివర మూసుకునే చోట మాత్రమే కంపెనీ ఇచ్చిన గ్రీజు కొద్దిగా రాయాలి. రెండిటికీ వంటింటి నూనెలు, సైకిల్ నూనెలు తగలనివ్వద్దు.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది: చివరి సెంటీమీటరు మూయకపోవడం. చేతికి గట్టిగా తగిలింది కదా అని వదిలేస్తారు. నీళ్లలో దిగిన అయిదు నిమిషాలకు నడుము దాకా తడి. జిప్పు చివరంటా లాగాక తోటి డైవర్‌తో కంటితో చూయించండి. చెయ్యి పెట్టి చూస్తే తెలియదు.

5. సీల్స్: ఇక్కడ తొందర పడొద్దు

మెడకు, మణికట్లకు ఉండే సీల్స్ మూడు రకాలు. లేటెక్స్ చవక, బాగా అతుక్కుంటుంది, కానీ ఎండకు, నూనెకు, కాలానికి పాడవుతుంది. నియోప్రిన్ గట్టిది, వెచ్చన, కానీ మణికట్టు నరాలు ఉబ్బితే సందుల్లోంచి కాస్త కారుతుంది. సిలికాన్ మెత్తన, లేటెక్స్ పడని చర్మానికీ పడుతుంది. జిగురుతో అతకదు కాబట్టి రింగులో బిగించాలి. మన ఊరి నుంచి కొనేవాళ్లకు ఆ రింగే వరం. సీల్ చిరిగితే జిగురు, ఎండబెట్టడం, ఒక రోజు నష్టం ఇవేవీ లేకుండా పది నిమిషాల్లో కొత్తది వేసుకోవచ్చు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే మెడకూ చేతులకూ రింగు సిస్టమ్ అడగండి. అదనపు సీల్స్ ఒక జత మెడవి, రెండు జతల చేతివి అదే పార్సిల్‌లో తెప్పించుకోండి.

మెడ సీల్ బిగుతుగా ఉంటే "కొత్తది కదా, సర్దుకుంటుంది" అనుకోవద్దు. మెడ పక్క రక్తనాళాల మీద ఒత్తిడి పడితే తల తిరుగుతుంది, స్పృహ తప్పవచ్చు. వేసుకుని ఇంట్లో పది నిమిషాలు కూర్చోండి. ముఖం ఎర్రబడినా, తల బరువెక్కినా తీసేయండి. లేటెక్స్, సిలికాన్ సీల్స్ మీద గీతలుంటాయి. పదునైన కత్తెరతో ఒక్కసారికి ఒక్క గీత చొప్పున, ఆపకుండా నున్నగా కత్తిరించాలి. అంచులో చిన్న గాటు మిగిలినా చిరుగు అక్కడే మొదలవుతుంది. నియోప్రిన్ సీల్ అయితే ఒక రాత్రి తగిన లావు స్టీలు డబ్బాకు తొడిగి ఉంచితే సాగుతుంది.

ఇక మనవాళ్లకే వచ్చే లీకులు కొన్ని ఉన్నాయి.

చేతికి కట్టుకున్న రక్షదారం సీల్ కిందుగా పోతే, దాని వెంబడే నీళ్లు లోపలికి నడిచొస్తాయి. దారం తీయడం ఇష్టం లేకపోతే, సీల్ అంచు కన్నా పైకి మోచేతి వైపు జరిపి కట్టుకోండి. గాజులు, కడియం తీసేయాల్సిందే. జడలోంచి ఒక్క పాయ మెడ సీల్ కింద చిక్కినా అంతే, కాబట్టి జుట్టు పైకి ముడి వేయండి. అన్నిటికన్నా పెద్ద శత్రువు కొబ్బరినూనె. తలకు రాసుకున్న చేత్తో లేటెక్స్ సీల్ లాగితే, కొన్నాళ్లకు అది జిగట పట్టి చిరుగుతుంది. డైవ్ రోజుల్లో తలకు నూనె వద్దు. సీల్ జారడానికి వాసన లేని టాల్క్ వాడండి, ముఖానికి రాసుకునే సెంటు పౌడరు కాదు.

(కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చిన వారం మెడ సీల్ జారినంత సాఫీగా నాకు ఇంకెప్పుడూ జారలేదు. ఆ వారం హుడ్ లోపల తల ఎంత చల్లబడిందో కూడా గుర్తుంది.)

6. పాదాలు

సూటుకే అతికి ఉండే బూట్లు ఒక రకం. సూటు చివర సాక్సులాగా ఉండి, దాని పైన విడిగా లేసుల బూట్లు తొడుక్కోవడం ఇంకో రకం. గుహకు చేరాలంటే వీపున నలభై కిలోల పైన బరువుతో రాళ్లు, మెట్లు దిగాలి కాబట్టి రెండోదే నయం. పాదం దగ్గర గాలి చేరడమూ తక్కువ. బూట్లు కొన్నాక మీ ఫిన్స్ వాటికి పడతాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. పట్టకపోతే ఫిన్స్ కూడా మార్చాలి, ఆ ఖర్చు ఎవరూ ముందు లెక్కేయరు.

7. వాల్వులు, గ్యాస్, మూత్రం సంగతి

గాలి నింపే వాల్వు రొమ్ము మధ్యలో, వదిలే వాల్వు ఎడమ భుజం కింద ఉంటాయి. సైడ్‌మౌంట్ (సిలిండర్లు వీపున కాకుండా పక్కలకు తగిలించుకోవడం) చేస్తే హార్నెస్ పట్టీ వీటి మీదికి వస్తుందేమో ముందే కొలవండి. ఆర్డర్‌లో చోటు మార్పించుకోవచ్చు.

ట్రైమిక్స్ (హీలియం కలిపిన ఊపిరి గ్యాస్) వాడేవాళ్లు అదే గ్యాస్‌ను సూటులోకి ఎక్కించకూడదు. హీలియం గాలి కన్నా దాదాపు ఆరు రెట్లు వేగంగా వేడిని లాగుతుంది. సూటుకు విడిగా చిన్న సిలిండర్‌లో గాలి గానీ ఆర్గాన్ గానీ పెట్టుకోండి. దాని ఫస్ట్ స్టేజ్‌కు (సిలిండర్ మీద ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్‌కు) ఎక్కువైన ఒత్తిడిని వదిలేసే ఓవర్‌ప్రెషర్ వాల్వు ఉండాలి. ఆర్గాన్ సిలిండర్‌కు ఊపిరి తీసుకునే సెకండ్ స్టేజ్ ఎప్పుడూ తగిలించవద్దు. పొరపాటున నోట్లో పెట్టుకుంటే ప్రాణం పోతుంది. సిలిండర్ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

మూడు గంటల డైవ్‌కు పీ-వాల్వు (సూటు విప్పకుండానే మూత్రాన్ని బయటికి పంపే వాల్వు) కావాలి. సిగ్గుపడి, నీళ్లు తాగడం మానేసి దిగేవాళ్లున్నారు. ఒంట్లో నీరు తగ్గితే డికంప్రెషన్ జబ్బు ప్రమాదం పెరుగుతుంది. లోపలి, బయటి ఒత్తిడిని సమం చేసే బ్యాలెన్స్‌డ్ రకం తీసుకోండి, డైవ్ అయిన ప్రతిసారీ కడగండి. ఆడవాళ్లకు వేరే అమరిక దొరుకుతుంది.

జేబులు: రెండు తొడలకూ, లోపల ఎలాస్టిక్ తాడుతో. అంతే.

8. కొలతలు

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. కొత్త ట్రైలామినేట్ సూటు లక్ష పైమాటే, పేరున్నవి మూడు లక్షలు దాటుతాయి. పైగా కస్టమ్స్ సుంకం. తిప్పి పంపడం అయ్యే పని కాదు.

నేను గాంధీ రోడ్డు దగ్గర ఒక టైలర్ మాస్టారు దగ్గరికి కంపెనీ చార్టు పట్టుకుని పోయాను. ఆయన అద్దాలు సర్దుకుని చూసి, "ఏంది సార్ ఇది, ముందు కాలర్ కాడ మొదలుపెట్టి కాళ్ల సందులోంచి వెనక కాలర్ దాకా కొలవమంటా ఉండారు? ఇది ప్యాంటా, షర్టా?" అన్నారు. రెండూ అన్నాను. ఆ కొలతే ఈ సూటుకు ప్రాణం. అది పొట్టిగా ఉంటే వంగలేరు, చేతులు ఎత్తలేరు. మాస్టారు అలవాటు కొద్దీ షర్టుకు తీసినట్టు ఒంటికి ఆనించి తీస్తారు, లూజు తర్వాత కలుపుకుందామని. మీరు చెప్పాల్సినవి ఇవి:

- కంపెనీ అండర్‌సూట్ మీద కొలవమందా, ఒట్టి ఒంటి మీదనా? చార్టులో రాసి ఉంటుంది, రెండుసార్లు చదవండి.
- ప్రతి కొలతా రెండుసార్లు, రెండు వేర్వేరు రోజుల్లో. ఒక సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మూడోసారి.
- భోజనం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నడుము కొలవండి. పెద్దది రాయండి.
- "తగ్గుతాను కదా" అని నడుము తగ్గించి రాయవద్దు.

9. పార్సిల్ వచ్చాక

మే నెల మధ్యాహ్నం, నలభై డిగ్రీల ఎండలో ట్రయల్ వేయకండి. ఒంటి వేడి బయటికి పోదు, వడదెబ్బ ఖాయం. తెల్లవారుజామున గానీ, ఏసీ గదిలో గానీ, పది నిమిషాలు మించకుండా, పక్కన మనిషిని పెట్టుకుని చేయండి.

పూర్తి అండర్‌సూట్‌తో వేసుకోండి. కిందికి కూర్చుని, గాలి వదిలే వాల్వు తెరిచి లోపలి గాలిని నొక్కి పంపేయండి. ఇప్పుడు వినాయకుడి ముందు తీసినట్టు పది గుంజీలు తీయండి. నవ్వులాట కాదు. చేతులు అడ్డంగా వేసి చెవులు పట్టుకుని కూర్చోవడంలో వీపు, భుజాలు, మోకాళ్లు, ఆ కాళ్ల సందు కొలత అన్నీ ఒకేసారి బయటపడతాయి. ఎక్కడ పట్టేసినా కొలత తప్పినట్టే.

తర్వాత సిలిండర్ల సెట్టు వీపున వేసుకుని, కుడి వాల్వు, మధ్య ఐసొలేటర్ (రెండు సిలిండర్లను విడదీసే వాల్వు), ఎడమ వాల్వు ఒక్కొక్కటీ మూసి తెరవండి. వేళ్ల కొసలు తగిలితే చాలదు, పట్టు దొరకాలి. అందకపోతే ముందు హార్నెస్ పట్టీ వదులు చేసి చూడండి, సిలిండర్లను ఒక అంగుళం పైకి జరపండి. అప్పటికీ అందకపోతే సూటుదే లోపం. ఫొటోలతో సహా వెంటనే కంపెనీకి రాయండి. నీళ్లలో దించాక మార్చమంటే ఒప్పుకోరు.

లీకు పరీక్షకు మణికట్ల సీల్స్‌లో సీసాలు, మెడలో బంతి దూర్చండి. జిప్పు మూసి, గాలి వదిలే వాల్వు బిగించి, సూటులో మెత్తటి దిండంత గాలి నింపండి. డప్పులా బిగిస్తే సీల్స్ పోతాయి. సబ్బునీళ్లు స్ప్రే చేసి కుట్లు, జిప్పు చివరలు, వాల్వుల చుట్టూ చూడండి. బుడగ లేచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

10. మొదటి డైవ్‌లు

గుహలో కాదు. పూల్‌లో, తర్వాత తెరిచిన నీళ్లలో, కనీసం పది డైవ్‌లు. గాలి నింపే వాల్వు ఇరుక్కుపోయినట్టు ఊహించుకుని, గ్లౌజులతోనే గొట్టం ఊడదీయడం సాధన చేయండి. గుహలో సూటు ఉబ్బిపోతే పైకి తేలేది ఉపరితలానికి కాదు, కప్పుకు. అక్కడ బురద రేగి, బయటికి దారి చూపే తాడు కూడా కనబడదు. కాళ్లలోకి గాలి చేరితే మోకాళ్లు ముడుచుకుని తిరగబడి, గాలిని భుజం వైపు తెచ్చుకోవడం ఇన్‌స్ట్రక్టర్ దగ్గరే నేర్చుకోండి.

తడి ఎక్కడుందో చూసి తెలుసుకోండి

డైవ్ అయ్యాక అండర్‌సూట్ చేత్తో తడమండి. ఒళ్లంతా ఒకేలా చెమ్మగా ఉంటే అది చెమట, సూటును తిట్టకండి. ఎడమ భుజం ఒక్కటే తడిస్తే వదిలే వాల్వులో వెంట్రుకో ఇసుకరేణువో చిక్కుంటుంది, మంచినీళ్లతో కడగండి. మణికట్టు నుంచి మోచేతి దాకా గీతలా తడి ఉంటే, ఏదో గట్టిగా పట్టుకున్నప్పుడు నరాల పక్క సందులోంచి వచ్చింది. రొమ్ము పైన తడిస్తే మెడ సీల్, లేదా జుట్టు. తొడ ఒక్కచోట తడిస్తే పీ-వాల్వు. ఒక పాదం తడిస్తే చిల్లు, రాత్రికి ఆక్వాసీల్ జిగురు పూసి తెల్లారేదాకా కదపకండి.

మన ఎండలో దాచడం

మిద్దె మీద ఎండేయకండి. వడియాలకు మంచిదే ఆ ఎండ, లేటెక్స్‌కు కాదు. మంచినీళ్లతో కడిగి, నీడలో, ఫ్యాను కింద, ముందు బయటి వైపు, తర్వాత తిరగేసి లోపలి వైపు ఆరబెట్టండి. జిప్పు మడతపడకుండా చుట్టి పెట్టండి. ఫ్రిజ్, మోటార్ల పక్కన వద్దు, వాటి నుంచి వచ్చే ఓజోన్ లేటెక్స్‌ను పగలగొడుతుంది. కారు డిక్కీలో ఒక్క రోజు కూడా వద్దు.

సెకండ్ హ్యాండ్ అయితే

సీల్స్ పాతవైతే పర్లేదు, మార్చుకోవచ్చు. జిప్పు పోతే అసలు బేరమే పోయినట్టు, మార్పించడానికి సూటును మళ్లీ దేశం దాటించాలి. జిప్పును మెల్లగా వంచి దగ్గర నుంచి తీసిన ఫొటోలు, సబ్బునీళ్ల పరీక్ష వీడియో అడగండి. ఇత్తడి పళ్ల మధ్య దారాలు లేచి కనబడితే వద్దు. అమ్మేవాళ్ల ఎత్తు మీ ఎత్తుకు దగ్గరగా ఉంటే చాలదు, పైన చెప్పిన కాలర్ నుంచి కాలర్ కొలత అడిగి సరిపోల్చండి. ఆ కొలత తీసి పంపడానికి బద్ధకించేవాళ్ల దగ్గర కొనకండి.